ఎక్కడికీ పోని మెట్లు

మా ఇంటి పక్కగోడకి పదమూడు మెట్లున్నాయి. ఇనుప మెట్లు. వీధిలో మొదలై, మేడ గోడ దాకా ఎక్కి, అక్కడితో ఆగిపోతాయి. తలుపు లేదు, కిటికీ లేదు. ఇంతోటి వింతని చూడటానికి జనం ట్రామెక్కి టోక్యోలో ఓ మూలనున్న మా పేట దాకా వస్తారు. "అబ్బ, ఎంత బాగుందో, ఎక్కడికీ పోవు!" అని మురిసిపోయి ఫొటోలు తీసుకుంటారు. ఎక్కడికీ పోనిదాన్ని చూడాలని అంత సరదాగా ఉంటే ఎదురింటి తోకునాగ ఉన్నాడుగా! పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ టోఫు కొట్లో పీట మీద నుంచి కదలడు. వాణ్ణి ఒక్కరూ ఫొటో తీయరేం?

నిజానికి అక్కడ తలుపుంది. నేనే మూయించాను. కింద గదిలో మా ఆయన షోజో గొడుగులు బాగుచేసేవాడు. పని కాగానే కొట్టు కట్టేసి, ఆ మెట్లెక్కి, ఆ తలుపులోంచి ఇంట్లోకి వచ్చేవాడు. వచ్చీ రాగానే బూట్లతోనే చాప మీద అడుగు పెట్టేవాడు. ముప్ఫై ఎనిమిదేళ్లు అరిచాను, ఒక్కనాడూ మారలేదు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఆయన పోయిన ఆ ఏడాదే తలుపుకి లోపలి వైపు రెండు చెక్కలు అడ్డం కొట్టించి, సొరుగుల బీరువా దానికి ఆనించి పెట్టించాను. బయట పిడి పీకించి గోడ రంగే వేయించాను. చలిగాలి వస్తోందని అందరికీ చెప్పాను. అసలు సంగతేమిటంటే, సాయంత్రమయ్యేసరికి ఆ మెట్ల మీద అడుగుల చప్పుడు కోసం నా చెవులు అటే ఉండిపోయేవి. ఆ బాధ పడలేక మూయించాను. ఇప్పుడు లోపలున్న నిచ్చెన లాంటి చెక్కమెట్ల మీదే ఎక్కి దిగుతున్నాను. నా పేరు హత్సుయో. డెబ్బై మూడేళ్లు. మోకాళ్ల గురించి అడక్కండి.

అక్టోబరులో ఒక పొద్దున్న వాకిట్లో నీళ్లు చల్లుతుంటే ఒక విదేశీ అబ్బాయి వచ్చాడు. తాటిచెట్టంత పొడుగు, గుబురు గడ్డం. జేబులోంచి చేత్తో గీసిన మ్యాపు తీసి, మా మెట్లనీ మ్యాపునీ మార్చి మార్చి చూసుకున్నాడు. సంచిలోంచి గోధుమరంగు ఉన్ని టోపీ ఒకటి తీసి ఏడో మెట్టు మీద పెట్టాడు. ఫొటో తీశాడు. టోపీకి వంగి దణ్ణం పెట్టి, చక్కా వెళ్లిపోయాడు. టోపీ మెట్టు మీదే ఉంది.

ఎవరైనా ఏదైనా మరిచిపోతే మా ఊళ్లో ఏం చేస్తారో వేరే చెప్పాలా? చెంబు అక్కడ పడేసి, టోపీ పట్టుకుని పరిగెత్తాను. ట్రామ్ స్టాపులో దొరకబుచ్చుకున్నాను.

"ఇదిగో అబ్బాయ్! ఆగు! టోపీ!"

నా చేతిలో టోపీ చూడగానే అతని మొహం వాడిపోయింది. "మీ సహాయమునకు మిక్కిలి కృతజ్ఞుడను" అన్నాడు. ఆరేళ్లు పుస్తకాల్లోంచి మా భాష నేర్చుకున్నాడట. మా తాతగారి కాలం ఉత్తరం పైకి చదివినట్టు మాట్లాడతాడు.

"కృతజ్ఞత సరేగానీ, రేపు తల మరిచిపోతావేమో, చూసుకో" అని ఆయాసపడుతూ ఇంటికొచ్చాను.

మర్నాడు అదే టోపీ, చేపల రసం సీసాలు అమ్మే మిషను మీద కనిపించింది. తోకునాగ చూశాడు. ఏనాడూ కదలనివాడు సైకిలెక్కి వెంటపడి మరీ ఇచ్చి వచ్చాడు. ఆ మర్నాడు పేటవాళ్లంతా వెళ్లే స్నానశాల అరలో. స్నానశాల ఆవిడ తువ్వాలు భుజాన వేసుకునే వీధిలోకి పరిగెత్తింది. ఆ తర్వాత రెండు మేడల మధ్య ఇరుక్కున్న సన్నగుడి మెట్టు మీద. అక్కడ ఎవరో ముక్కూమొహం తెలియనాయన తీసి, అతని వెనకే ట్రామెక్కి, నాలుగు స్టాపులు నిలబడి వెళ్లి ఇచ్చాడట. నాలుగో రోజుకి ఆ టోపీని ఎరగనివాళ్లు మా పేటలో లేరు.

"నేను రెండు కిలోమీటర్లు తొక్కానక్కా. నువ్వు ట్రామ్ స్టాపు దాకానేగా!" అన్నాడు తోకునాగ.

"నేను కాళ్లతో వెళ్లానురా. నువ్వు చక్రాలతో వెళ్లావు."

అయిదో రోజు అబ్బాయి మళ్లీ మా మెట్ల దగ్గర తేలాడు. టోపీ చంకలో పెట్టుకుని, దొంగలా అటూ ఇటూ చూస్తున్నాడు. నాకు విషయం అప్పుడు వెలిగింది. వీడు మరిచిపోవడం లేదు, వదిలించుకుంటున్నాడు! చొక్కా పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను. టీ పోసి, బియ్యప్పిండి బిళ్లలు ముందు పెట్టి, "నిజం చెప్పు. ఆ టోపీ ఎక్కడ కొట్టేశావు?" అన్నాను.

"అయ్యో, చోరసొత్తు కాదు! అది మా నాయనగారిది!" అన్నాడు.

అతని పేరు లెవాన్. జార్జియా దేశం, త్బిలిసి ఊరు. నాన్న పేరు ఒతార్, ఎనభై రెండేళ్లు. అతని గ్రాంథికమంతా విప్పి చెప్తే కథ ఇది. ఒతార్ గారు మ్యాపులు అచ్చువేసే ప్రెస్సులో నలభై ఏళ్లు పనిచేశాడు. ఎన్ని ఊళ్లు అచ్చువేసినా మనసు మాత్రం టోక్యో సందుల మీదే పడింది. రిటైరయ్యాక ఎవరెవరో ఫోన్లలో పెట్టే ఫొటోలు చూసి, గైడు పుస్తకాలకెక్కని వింతలన్నీ ఏరి, తొమ్మిది చోట్లతో మ్యాపు గీశాడు. లెవాన్ చూపిస్తే తెల్లబోయాను. నలభై ఏడేళ్లుగా ఇక్కడున్నాను, మా ఇంటి వెనక అందులో గీసిన సందొకటి ఉందని నాకే తెలీదు.

"మరి ఆయన రాలేదేం? ఒంట్లో బాగాలేదా?"

"వైద్యులు నిక్షేపముగా వెళ్లమనినారు. కానీ నాయనగారికి ఎత్తు అనిన భయము. ముక్కాలిపీట ఎక్కిననూ కళ్లు తిరుగును. విమానము పేరెత్తిన చాలు, చెమటలు పట్టును."

అయినా లెవాన్ రెండు టిక్కెట్లు కొన్నాడు. చివరి రోజు కరుగుతాడనుకున్నాడు. గుమ్మం దాకా వచ్చి ఆయన ఆగిపోయాడు. తలమీద టోపీ తీసి కొడుకు చేతిలో పెట్టి, "దీన్ని తొమ్మిది చోట్లా తిప్పి, అక్కడే వదిలెయ్. టోపీ టోక్యోలో ఉంటే నేనూ ఉన్నట్టే" అన్నాడట. పక్క సీట్లో టోపీని కూర్చోబెట్టుకుని వచ్చాడు లెవాన్, పిచ్చివాడు.

"టోపీ వచ్చినందున నాకు సంతోషము లేదు. ఆయన రావలెనని నా కోరిక. ఒక్కసారి ఈ సందులలో ఆయన చేయి పట్టుకుని నడవవలెనని" అని తల దించుకున్నాడు. నాకు గొంతులో బిళ్ల అడ్డం పడింది. బిళ్లే అని తోకునాగతో చెప్పాను.

సరే, రానివాణ్ణి రప్పించలేం. కనీసం టోపీనైనా ఉండనిద్దాం. లెవాన్ మర్నాడే వెళ్లిపోతున్నాడు. మ్యాపులో తొమ్మిదోది, ఆఖరిది మా మెట్లే; మిగతా ఎనిమిదీ తిప్పాకే మొదటిరోజు ఇక్కడికి వచ్చాడట. కాబట్టి ఏడో మెట్టు మీద టోపీ పెట్టి వెళ్తాడు, ఎవరూ ముట్టుకోరు, ఇది ఒప్పందం. "నాదీ పూచీ" అన్నాను. మ్యాపు నకలొకటి నాకిచ్చి, మూడుసార్లు వంగి దణ్ణం పెట్టాడు.

పొద్దున్న పదింటికి టోపీ మెట్టెక్కింది, లెవాన్ విమానాశ్రయానికి రైలెక్కాడు. మేమంతా కాపలా. పారేసుకున్న వస్తువు కళ్లెదుట ఉండగా చేతులు కట్టుకుని నిలబడటం ఎంత కష్టమో మీకు తెలీదు. స్నానశాల ఆవిడ తుడిచిన గుమ్మమే మళ్లీ తుడిచింది. తోకునాగ గోళ్లు కొరికాడు. బ్యాంకులో పనిచేసే ఒకాయన వంగి చెయ్యి చాపాడు.

"ముట్టుకోకండీ!" అని తోకునాగ గావుకేక పెట్టాడు.

"ఎవరిదో పడిపోయిందండీ..."

"పడిపోలేదు! అది అక్కడే ఉంటోంది!"

ఆయన బెదిరిపోయి, టోపీకి క్షమాపణ చెప్పుకుని వెళ్లాడు. పార్సిళ్లతను వచ్చాడు, కుక్కని తిప్పే ఆవిడ వచ్చింది, అందర్నీ అదిలించాం. గంట గడిచింది. అప్పుడు వాన మొదలైంది.

ఉన్ని టోపీ. తడుస్తోంది. ఆ ముసలాయన ఎన్నేళ్లు తలమీద పెట్టుకున్నాడో. నేను చూస్తూనే ఉన్నాను, అలా ఎప్పుడు లేచానో, ఎప్పుడు తీసుకున్నానో, తువ్వాలుతో ఎప్పుడు ఒత్తానో తెలీదు. తెలివొచ్చేసరికి మూలమీద పోలీసు గదిలో ఉన్నాను. డెబ్బై మూడేళ్లుగా అలవాటు పడ్డ కాళ్లు, నన్నడిగి కదల్లేదు. "పోలీసుగారూ, ఇది దొరికింది" అంటున్నాను.

పోలీసు ఉకాయ్ మంచి కుర్రాడే కానీ ఫారం కనిపిస్తే లోకం తెలీదు. అప్పటికే కలం తీశాడు.

"దొరికిన చోటు, బామ్మగారూ?"

"మా మెట్లు."

"ఎన్నో మెట్టు?"

"ఏడో... అయ్యో అయ్యో, నాయనా, రాయకు!"

రాసేశాడు. టోపీ తిరగేశాడు. లోపలి అస్తరు మీద దారంతో కుట్టిన పేరూ, ఊరూ, వీధీ కనపడ్డాయి. ఉకాయ్ కళ్లు మెరిశాయి. "యజమాని చిరునామా! ఇవాళే కార్డు రాసేస్తాను!"

తోకునాగ గొడుగు లేకుండా పరిగెత్తుకొచ్చాడు. "అక్కా! ఏం చేశావక్కా! ఒక్క గంట! ఒక్క గంటేనా నువ్వు ఓర్చుకోగలిగింది? పాపం ఆ పెద్దాయన 'నా టోపీ టోక్యోలో ఉంది' అని అందరికీ చెప్పుకునేవాడు. ఇప్పుడు 'నీ టోపీ దొరికింది, తీసుకుపో' అని కార్డు వెళ్తుంది!"

నా మీద నాకే ఒళ్లు మండింది. నాదీ పూచీ అన్న నోరు ఇదేగా!

"ఇంకొక్క ప్రశ్న" అన్నాడు ఉకాయ్, మా ఏడుపు పట్టించుకోకుండా. "మూడు నెలల్లోపు, అంటే జనవరి ఇరవైలోపు యజమాని తీసుకోకపోతే టోపీ దొరికినవారికే చెందుతుంది. మీకు కావాలా, వద్దా?"

వద్దనబోయాను. అప్పుడు నా బుర్రలో ఒక దయ్యం కూర్చుంది.

"కావాలి" అన్నాను. టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాను. "తోకునాగా, ఫొటో తియ్."

"బామ్మగారూ! దొరికిన సొత్తు పెట్టుకోకూడదు!"

"తడి ఆరిందో లేదో చూస్తున్నానయ్యా. తియ్యరా తొందరగా!"

ఆ రాత్రే ఒతార్ గారికి ఉత్తరం రాశాను, చదివి వినిపించడానికి కొడుకున్నాడుగా. ఎంత పొందిగ్గా రాశానో చూడండి: "అయ్యా, మీ టోపీ నాకు దొరికింది. ఫొటో చూడండి, నాకే బాగా నప్పింది. మీరు స్వయంగా వచ్చి తీసుకుంటారా, సరే. పోస్టులో పంపమని అడుగుతారా, మీకు అంతకంటే చేతకాదని అనుకుంటాను. జనవరి ఇరవై దాటితే అది నాది. రోజూ పెట్టుకుని చెత్త ఊడుస్తాను. ఇట్లు, మెట్ల ఇంటి హత్సుయో."

జవాబు లేదు. లేకపోతే ఊరుకుంటానా? ఆయన మ్యాపు పట్టుకుని నేనే బయల్దేరాను. పుట్టి బుద్ధెరిగి నా ఊరు నేను చూసిందెక్కడ? వారానికొక వింత చూసి, అక్కడ టోపీ లేని తలతో ఫొటో దిగి పంపాను. చేపల రసం మిషను దగ్గర: "రసం బ్రహ్మాండం. జనవరిలో మీ టోపీ పెట్టుకొచ్చి మళ్లీ తాగుతాను." సన్నగుడిలో పక్కకి తిరిగి దూరి, బయటికి రావడానికి ఇద్దరి సాయం పట్టింది. "నేను పట్టాను. మీరు పట్టరేమో" అని రాశాను, సాయం సంగతి రాయలేదు. ఎప్పుడూ మూసి ఉండే రైల్వే గేటు దగ్గర ముప్ఫై అయిదు నిమిషాలు నిలబడి, పక్కన నిలబడ్డావిడ కోడలి కథంతా విన్నాను. ఎంత హాయిగా ఉందో! తొమ్మిదేళ్లలో అంత నడిచింది లేదు.

డిసెంబరులో లెవాన్ ఫోన్ చేశాడు.

"అమ్మగారూ, నాయనగారు భోజనము సరిగా చేయుట లేదు. 'ఎవతె ఈ స్త్రీ?' అని దినమునకు పది పర్యాయములు అడుగుచున్నారు."

"చేతకానివాళ్లకి కోపమొక్కటే మిగులుతుందని చెప్పు."

"చెప్పితిని. నిన్న కుర్చీ ఎక్కి నిలబడినారు."

"ఎంతసేపు?"

"నాలుగు నిమిషములు. నేడు బల్ల ఎక్కెదరట."

ఫోను పెట్టేసి గదిలో గంతు వేయబోయాను. మోకాలు ఒప్పుకోలేదు.

జనవరి పద్దెనిమిది వచ్చింది. ఏ కబురూ లేదు. ఇంకా రెండు రోజులుంది, నాకు గెలవబోతున్నానన్న సంతోషం పిసరంత లేదు. ముసలాయన్ని ఏడిపించానేమోనన్న దిగులే ఉంది. మధ్యాహ్నం మేడమీద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. అప్పుడు వినిపించింది. ఇనుపమెట్ల మీద అడుగు. ఒకటి. ఆగింది. ఇంకొకటి. ఆగింది. నా చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. పదమూడూ లెక్కపెట్టాను. బీరువా వెనక ఠక్ ఠక్‌మని చప్పుడైంది.

"ఎవరూ?" అన్నాను పాత అలవాటున.

"ఒతార్" అంది బొంగురు గొంతు. మా భాషలో ఇంకొక్క మాట జతచేసింది. "టోపీ."

లోపలి మెట్లు ఎలా దిగానో, వీధిలోకి ఎలా వచ్చానో నాకే తెలీదు. పదమూడో మెట్టు మీద బొద్దుగా, తెల్లమీసాలతో ఒక ముసలాయన గోడని కౌగిలించుకుని నిలబడ్డాడు. నెత్తిన టోపీ ఉంది. పొద్దున్నే దొరికిన వస్తువుల ఆఫీసుకెళ్లి సంతకం పెట్టి తెచ్చేసుకున్నాడు. కళ్లు మాత్రం గట్టిగా మూసుకున్నాడు. కింద లెవాన్ నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీలేదు.

"నాయనగారు పైకి చూచుచు ఎక్కినారు. పైన నిలిచి కిందికి చూచినారు. ఇక దిగుట అసాధ్యమని చెప్పుచున్నారు" అన్నాడు.

పేటంతా పోగైంది. తోకునాగ కిందనుంచి ధైర్యం చెప్పాడు. స్నానశాల ఆవిడ వెచ్చటి తువ్వాలు తెచ్చింది. ఉకాయ్ అగ్నిమాపక బండిని పిలుస్తానన్నాడు. నిచ్చెన అన్న మాట లెవాన్ అనువదించగానే పైనుంచి హాహాకారం వినిపించింది. గాలి ఈడ్చి కొడుతోంది. ముసలాయన గోడకి ఇంకా గట్టిగా అతుక్కుపోయాడు.

"అక్కా, లోపల తలుపుందిగా" అన్నాడు తోకునాగ మెల్లిగా.

అందరూ నా వైపు చూశారు.

"దానికి బీరువా అడ్డం ఉంది" అన్నాను.

"జరుపుదాం."

"బరువు. షోజో బట్టలన్నీ అందులోనే ఉన్నాయి."

"నలుగురం ఉన్నాం."

"చెక్కలు కొట్టించాను."

"సుత్తి తెచ్చాను."

"చలిగాలి వస్తుందిరా!"

"తొమ్మిదేళ్ల నుంచి వింటున్నాం అక్కా ఆ మాట" అన్నాడు వాడు. వెక్కిరింపు లేదు గొంతులో. అందుకే తిట్టలేకపోయాను.

నలుగురూ మేడెక్కి బీరువా జరిపారు. మేకులు కీచుమంటూ ఊడాయి. తలుపు మొరాయించింది. నేనే రెండు చేతులా పట్టుకుని లోపలికి లాగాను. ఒక్కసారిగా తెరుచుకుంది. చలికాలపు ఎండ చాప మీద పడింది. గుమ్మంలో ఒతార్ గారు ఒక కన్ను తెరిచాడు. చాప చూశాడు, నన్ను చూశాడు, ఎదురుగా నేల కనపడేసరికి ప్రాణం లేచొచ్చి కాలు లోపలికి పెట్టబోయాడు.

"బూట్లు!" అని అరిచాను. "బూట్లతో చాప మీదికా! విప్పు ముందు!"

వీధి అవతల దాకా వినిపించి ఉంటుంది. తోకునాగ చేతిలో సుత్తి అలాగే ఆగింది. ఆ గుమ్మం దగ్గర ఆ మాట, ఆ గొంతుతో, వాడు ముప్ఫై ఎనిమిదేళ్లు ఎదురింట్లోంచి విన్నాడు.

ఒతార్ గారికి భాష రాకపోయినా అర్థమైంది. గుమ్మంలోనే వీధికి వీపుపెట్టి చతికిలబడ్డాడు. తాళ్లు విప్పుకుందామంటే పొట్ట అడ్డం వస్తోంది. రెండు చేతులతో తలుపు చెక్క పట్టుకోవాలి మరి, పడిపోకుండా. ఆలోచించి, తన టోపీ తీసి నా నెత్తిన పెట్టాడు. రెండు చేతులా గుమ్మం పట్టుకుని, కాళ్లు నా ముందుకి చాపాడు.

"ఎంత పొగరు!" అని సణుక్కుంటూ కూర్చుని, ముళ్లు పడ్డ తాళ్లు ఒక్కొక్కటే విప్పాను. నా కంట్లోంచి బొట్లు ఆయన బూటు మీద పడ్డాయి.

"ఏమైందక్కా?" అన్నాడు తోకునాగ.

"చెప్పానా," అన్నాను, "చలిగాలి వస్తుందని."